మూడో పేరు

ఆఫీసులో ఆమెను అసలు పేరుతో పిలిచి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. రూల్సమ్మ అంటేనే పలికేది. బ్యాంకు మేడ మీద, రెండో అంతస్తులో ఉన్న ఆ ట్రావెల్స్ ఆఫీసులో ఐదు బల్లలుంటే, కిటికీ పక్కన ఎండకు వీపు మాడిపోయే బల్ల ఆమెది. ఇరవై రెండేళ్లుగా అదే బల్ల. విమానం టికెట్ వెనక సన్నటి అక్షరాల్లో ఉండే నిబంధనలు చూస్తే తక్కినవాళ్లకు కళ్లు తిరిగేవి. ఆమె వాటిని కథల పుస్తకంలా చదివేది. చిక్కు టికెట్ ఏదైనా వస్తే, "రూల్సమ్మా, ఒక్కసారి చూడవా" అంటూ కుర్చీతో సహా దొర్లుకుంటూ ఆమె పక్కకు వచ్చేవాళ్లు.

ఆమెకు బాగా పట్టుబడిన విద్య ఒకటుంది. ప్రపంచాన్ని ఒక చుట్టు చుట్టి వచ్చే టికెట్. విడివిడిగా కొంటే ఆస్తులమ్ముకోవలసిన ఫస్ట్ క్లాసు ప్రయాణాన్ని ఆమె ఒక్క టికెట్లో ఇమిడ్చి మూడో వంతు ధరకు తెచ్చేది. ఇందులో మాయా లేదు, మర్మమూ లేదు. కొన్ని విమాన కంపెనీలు జట్టుకట్టి అమ్మే టికెట్ అది. తూర్పుకు బయల్దేరితే తూర్పుకే పోవాలి. పదహారు విమానాలు మించకూడదు. ఏడాదిలోపు మొదలుపెట్టిన దేశానికే తిరిగి రావాలి. అయితే ఆ టికెట్ ధర ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. ఎక్కడ చవకో కనిపెట్టి, మామూలు టికెట్ మీద అక్కడికి పోయి, అక్కణ్ణుంచి చుట్టు మొదలుపెట్టాలి. ఆ చవక దేశాలు ఏటా మారుతుంటాయి. ఎప్పుడడిగినా అవి ఆమె నాలుక చివరే ఉండేవి.

అంత తెలిసిన మనిషి తాను విమానం ఎక్కింది రెండే రెండు సార్లు. రెండూ ఆఫీసు శిక్షణ కోసమే. గంటేసి ప్రయాణం, చివరి వరసలో, టాయిలెట్ తలుపు పక్కన.

భర్త కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. మాట తక్కువ, మాట్లాడితే ముల్లు. వాళ్లకు పిల్లల్లేరు. ఆమె అక్క కూతురే ఆ ఇంట్లో సగం పెరిగింది. ఆ పిల్ల బడి నుంచి నేరుగా పిన్ని ఇంటికే వచ్చి, సంచి ఒక మూల, చెప్పులు ఒక మూల విసిరేసి, "పిన్నీ, ఆకలే!" అని అరిచేది.

అక్క నాలుగేళ్లు పెద్ద. బావకు కుళాయిలు, టైల్స్ అమ్మే షాపులు మూడున్నాయి. అరవై నిండిన రోజు ఆయన భోజనం ముగించి, చెయ్యి తుడుచుకుంటూ మరదలి వైపు తిరిగాడు.

"ఏమ్మా చిన్నా, ఊళ్లోవాళ్లందరినీ ప్రపంచం తిప్పుతావు. మమ్మల్ని తిప్పవా?"

"మీరు ఊఁ అంటే రేపే మొదలుపెడతా బావా."

"ఫస్ట్ క్లాసే కావాలి. అలాగని వెర్రివాడిలా డబ్బు పోసుకోను. నీ తెలివంతా చూపించు. మూడు టికెట్లు. నేను, మీ అక్క, నువ్వు. నీ ఖర్చూ నాదే. నువ్వు లేకపోతే మాకు దారి చూపించేదెవరు?"

అక్క ఆమె భుజం నొక్కింది. "చిన్నప్పుడు బస్సులో కిటికీ సీటు కోసం జుట్లు పట్టుకునేవాళ్లం కదే. ఈసారి ఇద్దరికీ కిటికీలే."

తిరిగి వస్తుంటే దారిలో భర్త అన్నాడు. "మీ బావ మాటలతోనే మేడ కట్టేస్తాడు. మెట్లు మాత్రం మనం కట్టుకోవాలి."

"మీకు ఓర్వలేనితనం."

"సరేలే. వెళ్లిరా. నా తిండేదో నేను చూసుకుంటా."

ఎనిమిది నెలలు పట్టింది. మధ్యాహ్నం క్యారియర్ విప్పి, కుడిచేత్తో తింటూ ఎడంచేత్తో కీబోర్డు నొక్కేది. ఆదివారాలు ఆఫీసు తాళం అడిగి తీసుకునేది. ఫస్ట్ క్లాసని పేరే గాని అది అన్ని విమానాల్లో ఒకేలా ఉండదు. కొన్నిట్లో సీటు మంచంలా పరుచుకుంటుంది, కొన్నిట్లో ఊరికే వెడల్పాటి కుర్చీ. ఏ రోజు ఏ విమానం నడుపుతారో, అందులో మూడు సీట్లు అమ్మకానికి ఎప్పుడు తెరుస్తారో కాపు కాసి పట్టుకుంది. అక్కకు మోకాళ్ల నొప్పులని, దిగడానికీ ఎక్కడానికీ మధ్య మూడు గంటలకు తక్కువ పెట్టలేదు. బావకు షుగరని, ప్రతి విమానంలోనూ ఆయన భోజనం విడిగా చెప్పింది. ఒక ఖండం వదిలేస్తే ధర బాగా దిగుతుందని తేలినప్పుడు, తాను ఎప్పటి నుంచో చూడాలనుకున్న ఖండాన్నే కొట్టేసింది. మొత్తం పదమూడు విమానాలు, నలభై రోజులు.

పాస్‌పోర్టు తీయించుకుంది. వాడుకోని సెలవులన్నీ కూడబెట్టి నలభై రోజులకు అర్జీ పెట్టింది. బుకింగ్‌లో మొదట బావ పేరు, తర్వాత అక్క పేరు, మూడోది తనది. పని లేకపోయినా రోజుకోసారి ఆ తెర తెరిచి మూడో పేరు చూసుకునేది.

ప్రయాణంలో చూసుకోవలసిన సంగతులన్నీ ఆరు పేజీల్లో రాసి బావకిచ్చింది. ఐదో పేజీలో ఒక వాక్యం కింద రెండు గీతలు గీసింది: ఏ ఒక్క విమానం ఎక్కకుండా వదిలేసినా, దాని తర్వాతవన్నీ వాటంతటవే రద్దయిపోతాయి.

ఇంతలో అక్క కూతురి పెళ్లయింది. అల్లుడు బుద్ధిమంతుడు. అల్లుడి తల్లి మాత్రం గదిలోకి వస్తే, అప్పటిదాకా మాట్లాడుతున్నవాళ్లు కుర్చీల్లో సర్దుకుని కూర్చునేవాళ్లు.

డబ్బు కట్టి టికెట్లు తీసే రోజు బావ స్వయంగా ఆఫీసుకు వచ్చాడు. ఎన్నడూ రాని మనిషి వచ్చాడని ఆమె కుర్చీ తుడిచి వేసింది. ఆయన మూడు పాస్‌పోర్టులు బల్ల మీద పెట్టాడు. తనది తన సంచిలోనే ఉంది కదా, ఇదెవరిదా అని ఆమె మూడోది తెరిచింది. వియ్యపురాలి ఫోటో.

"అదేమ్మా," అన్నాడు బావ, గొంతు తగ్గించకుండానే. "కొత్త సంబంధం. ఆవిడ నోరు తెరిచి అడిగారు. కాదంటే బాగుంటుందా? నువ్వంటే మన మనిషివి, అర్థం చేసుకుంటావు. అయినా నీకేం, ఇదే నీ పని. ఎప్పుడైనా వెళ్లొచ్చు."

నాలుగు బల్లల దగ్గరా కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది.

"అక్కకు తెలుసా?"

"తెలీకేం? తనే చెబుతానంది. చెప్పలేదా?"

బుకింగ్‌లో పేరు మార్చడం కుదరదు. ఉన్నది వదిలేసి కొత్తది వెయ్యాలి. వదిలిన సీటు ఆ క్షణంలోనే ఇంకెవరైనా ఎగరేసుకుపోవచ్చు. పోనీ, పోతే పోయిందని ఊరుకోవచ్చు కూడా. ఆమె అలా ఊరుకోలేదు. నాలుగు కంపెనీలకు ఫోన్లు చేసి, ఒక్కో సీటూ పట్టుకుని, గంటన్నర కూర్చుని తన పేరున్న పదమూడు చోట్లా వియ్యపురాలి పేరు ఎక్కించింది. లేవబోతూ బావ అడిగాడు.

"మీ ఆఫీసు కమిషనేమైనా తగ్గుతుందేమో చూడమ్మా."

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "నాకు వారం నుంచి తెలుసే. నోరు రాలేదు."

"నాతోనా, బావతోనా, నోరు రానిది?"

అక్క మాట మార్చి, అక్కడ చలికి ఎలాంటి బట్టలు పెట్టుకోవాలని అడిగింది. రూల్సమ్మ చెప్పింది.

వాళ్లు బయల్దేరారు. ఆమె సెలవు అర్జీ వెనక్కి తీసుకుంది. ప్రతి ఎయిర్‌పోర్టు నుంచీ ఫోనే. ఏ గేటు, ఏ లాంజ్, సామాను ఎక్కడ తీసుకోవాలి. వెనక నుంచి వియ్యపురాలి గొంతు వినబడేది: "ఆ టికెట్లమ్మాయిని అడగండి, ఆ టికెట్లమ్మాయిని అడగండి." యాభై దాటిన మనిషిని అమ్మాయి అన్నందుకు కాదు. ఆవిడ మా చెల్లెలండీ అని అక్క ఒక్కసారీ అనకపోవడం ఆమెకు గోటికింద ముల్లులా గుచ్చుకుంది.

ఏడో విమానం రోజున, పొద్దున పదకొండింటికి బావ ఫోన్ చేశాడు.

"చిన్నా, ఇవాళ్టిది ముప్పావుగంట ఫ్లైటే కదా. సరస్సుల పక్క నుంచి రైలుందట, వియ్యపురాలుగారు అందులో పోదామంటున్నారు. ఈ విమానం వదిలేస్తే ఆ ముక్క డబ్బు తిరిగొస్తుందా?"

ఆమె నోరు తెరిచింది. చెప్పబోయింది కూడా. అప్పుడే అవతల వియ్యపురాలు, "రైలెక్కడానికి కూడా ఆ అమ్మాయి పర్మిషన్ కావాలా ఏంటి?" అంది. అక్క నవ్వింది. ఎదుటివాళ్ల మెప్పు కోసం నవ్వే నవ్వు. చిన్నప్పటి నుంచి ఆమెకు తెలిసిన నవ్వు.

"డబ్బు రాదు బావా," అంది రూల్సమ్మ.

"పోతే పోయిందిలే. చిన్న ముక్కేగా." ఫోన్ పెట్టేశాడు.

ఆయన అడిగినదానికి ఆమె జవాబు చెప్పింది. అబద్ధం చెప్పలేదు. గోడ గడియారం చూసింది. విమానం బయల్దేరడానికి ఇంకా నాలుగు గంటలుంది. తిరిగి ఫోన్ చేసి ఒక్క మాట చెబితే చాలు. ఎవరో దంపతులొచ్చారు, వాళ్ల టికెట్లు తీసిచ్చింది. క్యారియర్ విప్పి భోజనం చేసింది. ఫోన్ రెండుసార్లు చేతిలోకి తీసుకుని, రెండుసార్లూ దించేసింది. గేటు మూసేసే టైము దాటి ఐదు నిమిషాలయ్యాక బావ నంబరు నొక్కింది. అందుబాటులో లేదు. లేకపోతేనే మంచిదనుకుంది. తాను ఫోన్ చేసినట్టు మాత్రం ఉంటుంది.

సాయంత్రం తెర మీద ఏడో వరస ఎరుపెక్కింది. కాసేపటికి దాని కింద ఆరు వరసలూ మాయమయ్యాయి. ఎనిమిది నెలలు ఒక్కొక్కటే ఏరి పేర్చినవి అర నిమిషంలో పోయాయి. సంతోషంగా ఉంటుందేమో అనుకుంది. అలా లేదు. ఆ తెర మూసేసింది.

రెండు రోజుల తర్వాత ఎనిమిదో విమానం కౌంటరు దగ్గర వాళ్లకు సంగతి తెలిసింది. బావ ఫోన్లో అరిచాడు. "ఇదేం టికెట్ ఇచ్చావమ్మా? మా పేర్లే లేవంటున్నాడు!"

"ఐదో పేజీలో రాశాను బావా. రెండు గీతలు కూడా గీశాను."

కాగితాలు తిరగేసిన చప్పుడు.

ఆమె ఆ రోజంతా కంపెనీల కాళ్లావేళ్లా పడింది. ఎవరూ కరగలేదు. చివరికి బావ నోరు మూసుకుని, అప్పటికప్పుడు దొరికిన మామూలు క్లాసు టికెట్లు కొన్నాడు. రెండు చోట్ల దిగి ఎక్కుతూ, వెనక వరసల్లో నడిమి సీట్లలో ఇరుక్కుని, ముప్పయ్యొక్క గంటలు ప్రయాణం చేసి వచ్చారు. వియ్యపురాలి కాళ్లు వాచిపోయి చెప్పులు పట్టలేదు.

ఆ వాపు వారంలో తగ్గింది. ఆవిడ నోరు తగ్గలేదు. బావను ఏమీ అనలేకపోయింది, పెద్దమనిషి. దొరికింది కోడలు. అన్నం వడ్డిస్తే, "మీ నాన్న నన్ను దేశంకాని దేశంలో బిచ్చగత్తెలా నిలబెట్టాడు" అనేది. నీళ్లిస్తే అదే మాట. వచ్చినవాళ్ల ముందూ అదే మాట. కొడుకు కిటికీలోంచి బయటికి చూసేవాడు. పిల్ల పిన్నికి ఫోన్ చేసి ఏడ్చింది. "వాళ్లు కాగితం చదవకపోతే నేనేం చేశాను పిన్నీ?"

నెల తర్వాత అక్క వచ్చింది. మనిషి చిక్కిపోయింది. "తప్పు మాదేనే. నువ్వు రాసిచ్చావు, ఆయన అప్పటిదాకా ఆ కాగితాలు విప్పలేదట. ఆ రోజు ఫోన్లో కూడా చెప్పే ఉంటావు. స్టేషన్ గోలలో మీ బావకు వినబడి ఉండదు."

రూల్సమ్మ తల ఊపిందో లేదో ఆమెకే తెలియలేదు. అక్క వెళ్లాక, మూలన కూర్చుని కళ్లజోడు మరలు బిగిస్తున్న భర్త తలెత్తకుండా అడిగాడు.

"చెప్పావా?"

"లేదు."

"అనుకున్నా." ఇంకో మర బిగించి అన్నాడు. "వాళ్ల మీద కోపం తీర్చుకున్నావు, బాగానే ఉంది. దెబ్బ మాత్రం పిల్లకు తగిలింది."

ఆమె వారం పాటు తిండి సయించక తిరిగి, చివరికి అక్క ఇంటికి వెళ్లి చెప్పేసింది. తెలిసే చెప్పలేదని, నాలుగు గంటలు గడియారం చూస్తూ కూర్చున్నానని. అక్క తేలిగ్గా నవ్వింది. "ఊరుకో. ఎవరి తప్పో నెత్తిన వేసుకోవడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే. నీకంత గుండె ఎక్కడిదే?" ఎంత చెప్పినా నమ్మలేదు. చెల్లెలు మంచిదని కాదు, చెల్లెలికి అంత చేతకాదని.

పిల్లకూ చెప్పింది. పిల్ల నమ్మింది. అది పనిచేసే రక్తపరీక్షల ల్యాబు కింద, క్యాంటీన్‌లో ఎదురెదురుగా కూర్చున్నారు.

"మా అత్తగారు నీ సీటు లాక్కుందనా?"

"ఆవిడ మీద కోపం కాదే. మీ అమ్మ నవ్వింది."

"అమ్మ నవ్విందా." పిల్ల కాఫీ గ్లాసు పక్కకు జరిపింది. "అమ్మ ఒక్కసారి నవ్వింది. నేను రోజూ పడుతున్నా. నీకు నా మొహం గుర్తుకు రాలేదా పిన్నీ, ఆ నాలుగు గంటల్లో?"

గుర్తుకు రాలేదు. అదే నిజం. ఆమె అదే చెప్పింది. పిల్ల లేచి, టైమైందని పైకి వెళ్లిపోయింది. అత్తగారితో గాని, తల్లితో గాని ఆ మాట ఎత్తలేదు. చెబితే తన బరువు కొంత దిగేది. అయినా చెప్పలేదు. పిన్నికి ఫోన్లు మాత్రం ఆగిపోయాయి.

ఏడాది తిరిగాక అక్క ఇంట్లో ఎదురుపడ్డారు. వియ్యపురాలికి తిట్టడానికి అప్పటికి వేరే సంగతులు దొరికాయట. పిల్ల కాస్త ఒళ్లు చేసింది, తేటగా ఉంది. పిన్నిని చూడగానే సోఫా మీది దిండు పక్కకు జరిపి చోటు చేసింది.

"రండి పిన్నీ, కూర్చోండి. మంచినీళ్లు తీసుకుంటారా?"

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఆమెను మీరనడం అదే మొదటిసారి. ఆమె కూర్చుంది. నీళ్లు తీసుకుంది.