ఏడుకొండలు అడిగిన నీడ

బందరులో మైకు లేకుండా మీటింగు జరగదు, నాది కాకుండా బందరులో మైకు లేదు. ఇంటరు మొదటి సంవత్సరంలో లెక్కల మేష్టారికీ నాకూ పడక, పోనీలే పెద్దవాడు అని ఆయన్ని కాలేజీలోనే ఉండనిచ్చి నేను బయటికి వచ్చేశాను. ఆ తర్వాత నా బాక్సులు బంటుమిల్లి పెళ్ళిలో మోగితే గుడివాడలో పాలు విరిగిపోయేవి. నేను చెప్పడం కాదు, గుడివాడ పాలవాళ్ళనే అడగండి. గిలకలదిండి పార్కు గురించి పెట్టిన రెండు మీటింగులకూ మైకు నాదే కాబట్టి, అక్కడ ఏడుకొండలు మావయ్య ఏం మాట్లాడాడో, ఏ మాట గొంతులోనే ఉంచేసుకున్నాడో చెప్పడానికి నాకున్న అర్హత ఇంకెవరికీ లేదు.

ఏడుకొండలు మాకు చుట్టం కాదు. మా వీధివాడు, చిరిగిన వలలు బాగుచేసేవాడు. అనుమానానికి లుంగీ కడితే ఎలా ఉంటుందో అలా ఉంటాడు. టీ ఇస్తే ముందు గ్లాసు అడుగు చూస్తాడు. ఎవరైనా నవ్వుతూ నమస్కారం పెడితే, వెనక్కి తిరిగి అది ఇంకెవరికీ కాదని తేల్చుకున్నాకే బదులిస్తాడు. పెళ్ళిచూపుల్లో వెంకటరత్నమ్మత్తని చూసి, "పిల్ల బాగానే ఉందండీ, మరి నాకెందుకు ఇస్తున్నారు?" అని కాబోయే మామగారినే అడిగాడట. అత్త ఆ మాటని ఇప్పటికీ పప్పులో ఉప్పులాగా రోజూ వాడుతుంది.

ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, హార్బరు పెట్టిన గుణం. కుర్రతనంలో మరబోట్ల మీద వేటకి వెళ్ళాడు. తర్వాత చాలా ఏళ్ళు షావుకార్ల తరఫున వేలంలో చేపలు కొన్నాడు. బోటు రాగానే సరుకు గట్టు మీద గుట్టలుగా పోస్తారు. కొనేవాళ్ళు చుట్టూ మూగుతారు. అక్కడ నేర్చుకోవాల్సింది ఒక్కటే. నీ కన్ను ఏ గుట్ట మీద ఉందో పక్కవాడికి తెలియకూడదు. తెలిసిందా, పంతానికి పాట పెంచేస్తాడు. అందుకని ఏడుకొండలు వంజరం కొనాలనుకున్న రోజు చవకరకం కానాగంతల దగ్గర గొంతుక్కూర్చుని వాటి కళ్ళు పరీక్ష చేసేవాడు. చందువల కోసం వెళ్ళి ఆ చందువల ముందే ముక్కు మూసుకుని నిలబడేవాడు. ఒకసారి ఆయన మొహం చూసి, అప్పుడే వలలోంచి తీసిన చందువ ఒకటి తన మొప్ప తానే ఎత్తి వాసన చూసుకుంది. నేను పక్కనే ఉన్నాను. బోటు యజమాని కూడా హడలిపోయి, అడిగిన ధరకి ఇచ్చేసి పైన పీతలు వేశాడు.

ఈ విద్యకి ఎక్కువగా బలైనవాడు చేపల వ్యాపారి పిచ్చేశ్వరరావు గారు. పాపం ఏళ్ళ తరబడి ఏడుకొండలు కన్ను ఎటుంటే అటు పాట పాడి, పనికిరాని సరుకంతా లారీకి ఎక్కించుకున్నాడు. ఆఖరికి ఆయనకీ తెలివొచ్చింది. ఏడుకొండలు వద్దన్నదే మంచి సరుకు, ఏడుకొండలు మెచ్చుకున్నది ముట్టుకోకూడదు. అది తెలుసుకున్నాక కాస్త కోలుకున్నాడు. కోలుకున్నాక షుగరు వచ్చింది. షుగరు వచ్చాక పొద్దున్నే నడవడం మొదలుపెట్టి, నడిచేవాళ్ళందరినీ పోగేసి వాకర్స్ సంఘానికి అధ్యక్షుడయ్యాడు.

ఐసు పెట్టెలు లాగి లాగి నడుము పట్టేశాక మావయ్య హార్బరు వదిలి వలల పనిలో కూర్చున్నాడు. గిలకలదిండి హార్బరు రోడ్డు పక్కన ఖాళీ స్థలం ఉండేది. పేరుకి పార్కు స్థలం, చూడ్డానికి తుమ్మ చెట్లు. అందులో సముద్రం వైపు మూల ఆయనా, తోటి పనివాడు యాకోబూ, ఇంకొందరూ వలలు పరుచుకుని తెగిన కళ్ళు అల్లుకునేవాళ్ళు. అక్కడున్న ఒక్క నిద్రగన్నేరూ తుఫానులో పడిపోయింది. అప్పట్నుంచి నాలుగు కర్రలకి టార్పాలిన్ పట్టా కట్టుకున్నారు. ఆ పట్టా గాలొచ్చినప్పుడల్లా మంగినపూడి బీచికి బయల్దేరేది. యాకోబు వెనకాల పరుగెత్తి బతిమాలి తెచ్చుకునేవాడు. ఎండాకాలంలో నైలాను తాడు వేడెక్కి వేళ్ళు బొబ్బలెక్కేవి.

అలాంటి స్థలానికి ఒక రోజు టేపులు పట్టుకుని మనుషులొచ్చారు. పోర్టు పనులు మొదలైన దగ్గర్నుంచి బందరులో ఎవరి చేతిలో టేపు కనిపించినా ఇల్లాళ్ళు గిన్నెలు సర్దుకుంటున్నారు. మావయ్యకి ఆ రోజు అన్నం సహించలేదు. వచ్చినవాళ్ళలో తనూజ అనే ఇంజినీరమ్మాయి ఉంది. గుడివాడ పిల్ల, కొత్తగా కార్పొరేషను ఉద్యోగంలో చేరింది. ఊళ్ళో పార్కులన్నీ బాగుచేస్తున్నామనీ, ఈ స్థలాన్ని వాడుకునే సంఘాలు తమకేం కావాలో మీటింగులో చెబితే ప్లానులో పెట్టి కట్టిస్తామనీ, ఎవరి మూల వాళ్ళే శుభ్రంగా చూసుకోవాలనీ చెప్పింది.

"ఏం కావాలో అడిగి మరీ ఇస్తారంటన్నా," అన్నాడు యాకోబు. "పైన రేకుల షెడ్డు, కింద సిమెంటు నేల. ఈ రెండూ అడిగెయ్."

"అడిగి ఇచ్చేవాడు లోకంలో ఎవడన్నా ఉన్నాడేంట్రా? ముందు నువ్వు ఆ నోరు మూసుకో. మనకి షెడ్డు కావాలని గాలికి కూడా తెలియకూడదు."

మొదటి మీటింగు ఆ స్థలంలోనే, షామియానా కింద పెట్టారు. షామియానా కూడా నాదే. పిచ్చేశ్వరరావు గారు లేచి నడవడానికి దారి, కూర్చోవడానికి బల్లలు అడిగి కూర్చున్నాడు. తర్వాత తనూజ వలల వాళ్ళని పిలిచింది. మావయ్య మైకు దగ్గరికి వచ్చి, దాన్ని ముందొకసారి వెనకొకసారి చూశాడు.

"మాకేం అక్కర్లేదమ్మా."

"ఎండలో కూర్చుంటున్నారు కదండీ, షెడ్డు లాంటిదేమన్నా వేయమంటారా?"

యాకోబు మొహం వెలిగిపోయింది. మావయ్య మొహం ఆరిపోయింది. అవతలివాడు తనంతట తనే సరుకు ముందుకు తోశాడంటే, ఇంకాస్త ఆగితే ఇంకాస్త దిగుతాడని ఆయన లెక్క.

"షెడ్డా? దేనికమ్మా, గాలి ఆగిపోద్ది. మేం ఎండలో పుట్టినోళ్ళం. ఇదుగో, ఈ సముద్రం మూలలోనే పిల్లలకి ఉయ్యాలలు వేయించండి, పుణ్యం ఉంటది."

"చాలా సంతోషమండీ," అని ఆ పిల్ల రాసుకుంది. నిజంగానే సంతోషించింది. తమ జాగా పిల్లలకి వదిలిపెట్టిన మనిషిని ఆమె ఉద్యోగంలో అదే మొదటిసారి చూడటం అనుకుంటా.

బయటికి రాగానే మావయ్య చుట్టూ మూగిన వలల వాళ్ళకి పాఠం చెప్పాడు. "చూశారా, షెడ్డు మాట తనే ఎత్తింది. వద్దన్నాం. రేపు తనే వచ్చి, షెడ్డుతో పాటు సిమెంటు కూడా వేస్తాను, కాదనకండి బాబాయ్ అంటది." అందరూ తలలూపారు. నేను కూడా ఊపాను. ఆ చందువని చూసినవాణ్ణి కదా మరి.

అవతల పిచ్చేశ్వరరావు గారు మైకు తీగలు చుట్టనివ్వకుండా నన్ను పట్టుకున్నాడు. "ఒరే, వాడికి ఉయ్యాలలు దేనికిరా? మనవలు కూడా లేరే. ఆ సముద్రం మూలలో ఏదో ఉంది."

"ఏముంటుందండీ, ఎండ్రకాయలుంటాయి."

"నీకు తెలియదులే. వాడు ఉత్తినే ఏదీ అనడు."

ఆ వారమంతా మావయ్య బేరం కోసం ఎదురుచూశాడు. తనూజ స్కూటీ మీద వచ్చేది, పని చూసుకునేది, "బాగున్నారా బాబాయ్" అని పలకరించి వెళ్ళిపోయేది. షెడ్డు ఊసెత్తలేదు. మావయ్య కళ్ళలో గౌరవం పెరుగుతూ వచ్చింది. "గట్టి పిల్లరా. ఎక్కడా బయటపడటం లేదు. గుడివాడలో ఎవరి దగ్గర నేర్చుకుందో."

ఒక రోజు లారీ వచ్చి ఎర్ర గొట్టాలు, పచ్చ గొట్టాలు, ఒక జారుడుబల్ల దించి వెళ్ళింది. పనివాళ్ళు సముద్రం మూలలో సున్నంతో గీతలు గీసి, వలలు తీసేయమన్నారు. మర్నాడు గుంటలు తవ్వి కాంక్రీటు పోస్తారట.

యాకోబు వల చుట్టుకుని రోడ్డు వారకి తీసుకెళ్ళి పరిచాడు. పరిచిన కాసేపటికే ఐసు లారీ దాని మీదుగా వెళ్ళింది. అల్లిందంతా మళ్ళీ తెగింది. ఆ వల తాలూకు బోటు యజమాని వచ్చి చూసి, రోడ్డు మీద పనైతే ఇక వలలు ఇక్కడ ఇవ్వనని నెమ్మదిగా చెప్పి వెళ్ళాడు. కేకలేసినా బాగుండేది.

అన్నం తెచ్చిన వెంకటరత్నమ్మత్త గొట్టాలని చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఇక ఎక్కి ఊగు. అడిగి మరీ తెచ్చుకున్నావుగా."

"నువ్వుండవే."

"ఆ పిల్ల షెడ్డు ఇస్తానంటే వద్దంటావా? నా పెళ్ళప్పుడు మా నాన్న కూడా నీలాగే బేరమాడుంటే నాకీ ఖర్మ తప్పేది. ఎళ్ళు, ఎళ్ళి కావాలని చెప్పు."

ఆ సాయంత్రమే నన్ను తోడు తీసుకుని తనూజ ఆఫీసుకి బయల్దేరాడు. నేను తోడుంటే కలెక్టరు కూడా లేచి నిలబడతాడని ఆయన నమ్మకం. అది నేనే కలిగించాను. తనూజ లేవలేదుగానీ కూర్చోమంది. మావయ్య కుర్చీ అంచున కూర్చుని చాలాసేపు గోడల్ని మెచ్చుకున్నాడు.

"ఉయ్యాలలు బాగున్నాయమ్మా. మరీ బాగున్నాయి. సముద్రపు గాలికి తుప్పు పడతాయేమోనని."

"తుప్పు పట్టని గొట్టాలేనండీ."

"పిల్లలు పడతారేమో."

"కింద ఇసుక పోస్తాం."

"ఇసుకలో పాములు..."

తనూజ పెన్ను కింద పెట్టింది. అప్పటిదాకా నవ్వుతున్న మొహంలోకి అనుమానం వచ్చింది. "బాబాయ్, మిమ్మల్ని ఎవరు పంపించారు? నిన్న వాకర్స్ అధ్యక్షుడు గారు వచ్చి, ప్లానులోంచి ఉయ్యాలలు తీసేసి సముద్రం మూల తమకే ఇమ్మన్నారు. ఎందుకంటే చెప్పరు. అడిగి తెప్పించుకున్న మీరే ఇవాళ వద్దంటున్నారు. ఆ మూలలో అసలేముంది?"

నేను అందుకున్నాను. "వలలు బాగుచేసే చోటండీ అది. ఈయనకి కావాల్సింది..." మావయ్య నా కాలు తొక్కాడు. ఇప్పటికీ ఆ గోరు సరిగ్గా రాలేదు.

తనూజ అది చూసింది. "రేపు కాంక్రీటు ఆపిస్తాను. సంఘాలన్నిటినీ మళ్ళీ పిలుస్తాను. అందరి ముందూ, మీకేం కావాలో అది మాత్రమే చెప్పండి. మిగతావారు ఒప్పుకుంటే ప్లాను మారుస్తాను. ఒకసారి పోసిన కాంక్రీటుని నేను తవ్వించలేను."

ఆయన్ని ఇంటి దాకా దిగబెట్టాను. గడప దగ్గర ఆగి అన్నాడు: "అందరి ముందూ 'కావాలి' అంటే పిచ్చేశ్వరరావు ఊరుకుంటాడేంట్రా? అదే తనకి కావాలంటాడు. నలభై ఏళ్ళ పాట మీద ఒట్టు."

రెండో మీటింగుకి జనం ఎక్కువొచ్చారు. ఆ మూలలో ఏదో ఉందన్న మాట అప్పటికే హార్బరంతా తిరిగొచ్చింది. పాత ఫిరంగి అని కొందరు, పోర్టుకి రోడ్డు అక్కణ్ణించే అని కొందరు. డచ్చివాళ్ళు పాతిన బంగారపు లంగరు అని కూడా ఒక మాట నడిచింది. దాన్ని ఎవరు పుట్టించారో నేను చెప్పను. పిచ్చేశ్వరరావు గారు ముందు వరసలో, తన మనుషులందరితో, యోగా అరుగు సముద్రం మూలలో వేయాలని అడగడానికి సిద్ధంగా కూర్చున్నాడు.

మావయ్య మైకు ముందు నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మూశాడు. ఆయన గుటక నా బాక్సుల్లోంచి బావిలోకి చిన్న మోటారు దిగిన చప్పుడులా వినిపించింది. కళ్ళు తెలియకుండానే గేటు వైపు తిరిగాయి. కావాల్సినదాన్ని చూడకపోవడం ఆ కళ్ళకి అలవాటు. వెనక నుంచి వెంకటరత్నమ్మత్త దగ్గింది.

"మాకు," అన్నాడు. చెమట తుడుచుకున్నాడు. "మాకు షెడ్డు కావాలి. కింద సిమెంటు నేల కావాలి. ఈ సముద్రం మూలలోనే కావాలి. ఇది లేకపోతే మేం బతకలేం. అంతేనమ్మా."

జనమంతా తలలెత్తి చూశారు. ఏడుకొండలు నోట 'కావాలి' అన్న మాట హార్బరు పుట్టాక ఎవరూ వినలేదు. తనూజ పిచ్చేశ్వరరావు గారి వైపు చూసింది. "వాకర్స్ వాళ్ళు కూడా ఈ మూలే అడిగారు. ఏమంటారండీ?"

నేను పిచ్చేశ్వరరావు గారి మొహమే చూస్తున్నాను. అందులో నలభై ఏళ్ళ కుళ్ళిన కానాగంతలన్నీ వరసగా నడిచి వెళ్ళాయి. ఆయన మెల్లగా తల తిప్పి, ఇందాక ఏడుకొండలు చూసిన గేటు వైపు చూశాడు. తర్వాత లేచి చొక్కా సర్దుకున్నాడు.

"మేమంత కటికవాళ్ళం కాదమ్మా. పాపం కష్టజీవులు, సముద్రం మూల వాళ్ళకే ఇచ్చేయండి. మాకు గేటు మూల చాలు. యోగా అరుగు అక్కడే వేయించండి. ఇప్పుడే రాసుకోండి, మాట మారకుండా." కూర్చుంటూ పక్కవాడితో, "ఈసారి దొరికాడు," అన్నాడు. ఆయన జేబుకి నేను ఇంకో మైకు తగిలించానని మర్చిపోయాడు, కాబట్టి అందరూ విన్నారు.

ఉయ్యాలలు మధ్యలోకి జరిగాయి. వానలు మొదలవకముందే సముద్రం మూలలో రేకుల షెడ్డు లేచింది, నున్నటి నేల పడింది. గేటు మూలలో యోగా అరుగూ వచ్చింది. ఐసు లారీలన్నీ ఆగి చేపల నీళ్ళు వదిలేది సరిగ్గా అక్కడే. పిచ్చేశ్వరరావు గారి సంఘం అంత బాగా శ్వాస బిగపట్టే సంఘం జిల్లాలో లేదు.

షెడ్డు కింద పని మొదలైన రోజు నేను పాటలు పెట్టాను. యాకోబు వల పూర్తిగా పరిచి, దాని మధ్యలో వెల్లకిలా పడుకుని లేచాడు. మొన్న మానేసిన బోటు యజమాని వలలు దించి వెళ్ళాడు. అందరూ కూర్చున్నా మావయ్య మాత్రం నిలబడే ఉన్నాడు. స్తంభాన్ని గుద్ది చూశాడు, నేల మీద చెవి పెట్టాడు.

"కూర్చో మావయ్యా, అడిగింది వచ్చిందిగా."

"అదేరా. ఒక్కసారి అడిగితే ఇచ్చేశారు. పిచ్చేశ్వరరావు ఎదురు కూడా పాడలేదు. వాడు ఊరికే వదిలేస్తాడేంటి?"

ఆయన కోసం యాకోబు సముద్రం వైపు మొహం పెట్టి పీట వేశాడు. మావయ్య ఆ పీట తీసి ఇటు తిప్పి వేసుకున్నాడు. వేళ్ళు వల మీద వాటంతట అవే నడుస్తుంటే, వీపుకి సముద్రపు గాలి తగులుతుంటే, మొదటిసారి చల్లటి నీడలో కూర్చుని, గేటు మూలనే చూస్తూ అన్నాడు:

"ఆ అరుగు కింద ఏముందో తెలుసుకోవాల్రా."