బాపు కిడ్నీ, అమ్మ రక్తం

కోరుట్లలో తెలిసినవాళ్లందరికీ బాపే ఫోన్ చేసి చెప్పాడు. "రక్తం కలిసింది. ఇగ ఆపరేషనే." అమ్మకు కిడ్నీ ఇవ్వడానికే ఆయన దుబాయ్ పని వదులుకుని వచ్చాడు. ఇద్దరిదీ ఒకటే గ్రూపు. హైదరాబాద్ ఆస్పత్రిలో చేసిన మొదటి క్రాస్‌మ్యాచ్ కూడా నెగెటివ్ వచ్చింది. అంటే బాపు కణాలను అమ్మ రక్తం చంపడం లేదు. జగిత్యాలలో డయాలసిస్‌కు వెళ్లినప్పుడల్లా పక్క మంచాలవాళ్లకు "నేనింక కొన్ని దినాలే అస్త" అని చెప్పుకుని అమ్మ మురిసిపోయింది. ఆ మురిపెం చూస్తే నాకు భయమేసేది.

రెండో పరీక్షలో పాజిటివ్ అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మొన్న లేదన్నరు, ఇయ్యాల ఉందంటున్నరు. ఏది నమ్మాలె?" అని డాక్టరమ్మ మీద గొంతు లేపాను. ఆవిడ తిరిగి కోప్పడలేదు, దాంతో నాకింకా మండింది. మొదటి పరీక్షలో కణాలు చచ్చిపోతేనే తెలుస్తుందట. రెండోది మెషీన్ మీద చేస్తారు, చంపకుండా ఊరికే అంటుకున్న యాంటీబాడీలను కూడా అది పట్టేస్తుంది. ఒక్కో మనిషి కణాల మీద ఒక్కో రకం గుర్తులుంటాయట, మూడో పరీక్షేమో ఆ యాంటీబాడీలు ఎవరి గుర్తుల మీద పగబట్టాయో చెబుతుంది. అవి బాపు గుర్తులేనని తేలింది.

సిరిసిల్లలో మరమగ్గాల సాంచాల చప్పుడు మధ్య పెరిగిన నేతింటి మనిషి కాబట్టి అమ్మకు నాకంటే ముందే అర్థమైంది. "బట్ట చేతుల వట్టుకుంటె మంచిగనే ఉంటది బిడ్డా. ఎలుగుకు వెట్టి సూస్తెనే తెగిన పోగు కనవడ్తది," అంది.

"ఇంతకుముందు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఎన్నడు లేదు," అంది అమ్మ.

అయితే కాన్పు వల్లే వచ్చి ఉంటాయంది. కడుపులో ఉన్న బిడ్డలో సగం తండ్రిదే కదా, ఆ సగాన్ని తల్లి ఒళ్లు పరాయిదని గుర్తుపెట్టుకుంటుందట. అమ్మకు ఒకటే కాన్పు. నేనే.

"అయితే నాది తీస్కోండ్రి," అన్నాను. నాకూ పరీక్షలు చేశారు. బాపు నుంచి నాకొచ్చిన గుర్తుల మీదే ఆ పగంతా. నాదీ పనికిరాదన్నారు. ఇక పేరు రాయించుకుని, చనిపోయినవాళ్ల కిడ్నీ కోసం ఎదురుచూడాలి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బాపు ముందు సీట్లో కూర్చున్నాడు. మల్యాల దాటాక సిరిసిల్ల నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. అమ్మ ఒకసారి నా వైపు చూసింది.

"గదేనే అక్కా, ఎన్నడో నాకు రక్తం ఎక్కిచ్చిర్రు గద. గందుకే కలుస్తలేదట."

ఎప్పుడని పెద్దమ్మ అడిగినట్టుంది.

"నీకు యాదిలేదు తియ్యి," అని గద్దించి ఫోన్ పెట్టేసింది.

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ నా తలను తన భుజం మీదికి లాక్కుంది. డయాలసిస్ సూదులు గుచ్చేది ఆ వైపు చేతికే, దాని మీద బరువు పడకూడదు. నేను లేవబోతే ఇంకా గట్టిగా పట్టుకుంది.