అగడ్త పూడ్చకు అన్నయ్యా

సిడ్నీ వెస్ట్‌మీడ్‌లో మా కింది ఫ్లాట్ ఆంటీ శనివారం పొద్దున పోయారు. తాను ఏళ్ళ తరబడి పనిచేసిన ఆస్పత్రిలోనే, తెలిసిన నర్సుల మధ్యే కన్నుమూశారు. అందరూ ఆవిడ చేతి పెసరట్లు తలుచుకుంటున్నారు. నాకు మాత్రం ఫోన్లో బతిమాలే ఆ గొంతే ఇంకా వినిపిస్తోంది.

రెండువేల సంవత్సరం వస్తోందని కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వైటూకే పని మీద ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకెవరూ తెలియదు. మెట్ల మీద ఎదురుపడ్డ మొదటిరోజే ఆంటీ, "రోజూ ఆ బ్రెడ్డు ముక్కలేనా? రా, అన్నం తిను" అంటూ చెయ్యి పట్టుకు తీసుకెళ్ళారు. హాల్లో దేవుడి పటాల పక్కన ఒక కోట ఫోటో ఉండేది. చిన్న రాతికోట, ముందు సింహద్వారం, చుట్టూ అగడ్త, అగడ్త నిండా నీళ్ళు. ఎన్నో వందల ఏళ్ళ నాటిది. పల్నాడులో వాళ్ళ ఊళ్ళో, తాతల కాలం నుంచీ వాళ్ళదే. తండ్రి పోయాక ఆవిడకీ అన్నగారికీ ఉమ్మడిగా వచ్చింది.

అన్నగారు దాన్ని పడగొట్టించి అక్కడ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టిద్దామనుకున్నారు. ఊరూరా కాలేజీలు లేస్తున్న రోజులవి.

"అది పాముల పుట్ట చెల్లెమ్మా. కాలేజీ వస్తే మనూరి పిల్లలు బాగుపడతారు" అనేవారాయన ఫోన్లో.

"అగడ్త పూడ్చకు అన్నయ్యా. అది పూడిస్తే చుట్టూ బావులెండిపోతాయి, వాననీరు పోయే దారి లేక గోడ నిలవదు. పొలం తీసుకో, ఇల్లు తీసుకో. అగడ్త మాత్రం పూడ్చకు."

ఆంటీ అక్కడి ఏ ఆఫీసుకు ఫోన్ చేసినా, ప్రైవేటు ఆస్తి, మేం కలగజేసుకోలేం అనేవారు. ఫోన్ పెట్టేసి నావైపు తిరిగేవారు. "ఇక్కడ పాత పోస్టాఫీసుకి కిటికీ మార్చాలన్నా పర్మిషన్ కావాలి. మీ కంప్యూటర్లలో రెండు సున్నాల కోసం లోకమంతా ఇంతమంది కష్టపడుతున్నారే, నా గోడకి ఒక్కడు దొరకడా?"

పూడిక మొదలైందని తెలియగానే సెలవు పెట్టి ఊరికి వెళ్ళారు. వెళ్ళి, అగడ్తలో పోసిన మట్టికుప్ప మీద, మట్టి తోసే మిషన్‌కి అడ్డంగా కూర్చున్నారు. "డ్రైవరు పాపం, ఇంజనాపేసి లేవండమ్మా అని ఏడుపుమొహం పెట్టాడే" అని తిరిగొచ్చాక నవ్వుతూ చెప్పారు. చివరికి అన్నగారే వచ్చి, చెయ్యి పట్టి లేపారట. పొలం, ఇల్లు ఆయన పేర. కోట ఈవిడ పేర. అలా రాసుకున్నారు.

కానీ అప్పటికే ఒక పక్క అగడ్త పూడిపోయింది. మొదటి వానలకే ఆ వైపు గోడ కూలింది. సున్నంతో పాతపద్ధతిలో కట్టే మేస్త్రీ దొరకలేదు. ఆ వెతుకులాటలోనే జబ్బు బయటపడింది.

ఆస్పత్రి మంచం మీద కూతుర్ని అడిగారు: "నా తర్వాత దాన్నెవరు చూస్తారే?"

ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "మమ్, ఐ కాంట్ లుక్ ఆఫ్టర్ ఎ కాసిల్" అని ఏడ్చేసింది. ఆంటీ కూతురి తల నిమిరి, మొహం అటు తిప్పుకున్నారు. ఆ తర్వాత ప్రతి ఫోన్లోనూ అన్నగారిని ఒకటే అడిగేవారు: "సింహద్వారం బాగుందా?" "బాగుందమ్మా" అనేవారాయన.

అంత్యక్రియలయ్యాక ఆయన ఫోన్ చేశారు. కూతురు స్పీకర్ పెట్టింది, తనకు తెలుగు పూర్తిగా అర్థం కాదని.

"సింహద్వారం పడిపోయి నెల దాటిందమ్మా. అడిగినప్పుడల్లా మీ అమ్మకి అబద్ధమే చెప్పాను."

అవతల వాన చప్పుడు.

"రాళ్ళన్నీ అగడ్తలో పడ్డాయి. మనుషుల్ని పెట్టి పైకి తీయిస్తున్నాను. ఏది ఎక్కడిదో తెలియాలని ఒక్కోదాని మీద సుద్దతో నంబరు వేసి గట్టు మీద పేరుస్తున్నా. ఈ వానకి చెరిగిపోతున్నాయి తల్లీ. తుడిచి మళ్ళీ రాస్తున్నాను."