మామ వేలికి మూసుకుపోయే మెనూ

హైదరాబాద్‌లో మేనేజర్‌తో గొడవపడి ఉద్యోగం మానేశాక నేను సొంతంగా చేసిన మొదటి యాప్ గద్వాలలో ఉండే మా మేనమామ కోసం. మామది నేత పని. ఆయన వాడలోని పది మగ్గాలవాళ్లు తాము నేసిన చీరల ఫొటోలు తామే పెట్టి, కొనేవాళ్లకు చూపించుకోవడానికి ఆ యాప్. ముందు మామ వాడి చూడాలి, ఆయన సరే అంటే మిగతా తొమ్మిది ఇళ్లూ తీసుకుంటాయి. కాదంటే నా మూడు నెలల పని సాయంత్రం ఐదింటి బస్సులో నాతోపాటే వాపసు.

పొద్దున పదింటికి మామ ఇంట్లో కూర్చున్నాం. తెర పైమూల మూడు గీతలు. అవి నొక్కితే మెనూ తెరుచుకుంటుంది: కొత్త చీర, మగ్గం మీద ఉన్నవి, అమ్ముడైనవి, ఫొటో మార్చు. నాలుగే నాలుగు. ఇందులో చెడిపోవడానికి ఏముందని నా ధీమా.

మామ గీతలు నొక్కాడు, మెనూ వచ్చింది. ఫొటో మార్చబోయాడు, మెనూ టక్కున మూసుకుపోయింది.

"ఏంది కోడలా గిది? మొఖం మీద తలుపేసినట్టు మూసుకుంటున్నది."

"మళ్లీ నొక్కు మామా."

మళ్లీ అదే. ఫోన్ లాక్కుని నేను నొక్కాను. బంగారంలా పనిచేసింది. ఆయన చేతికిచ్చాను, మూసుకుపోయింది. యాప్ తీసేసి రెండుసార్లు మళ్లీ ఎక్కించాను. లాప్‌టాప్‌కి కలిపి చూశాను, ఎక్కడా ఎర్రర్ లేదు. చివరికి తప్పంతా ఆయన ఫోన్ మీదున్న పగుళ్ల స్క్రీన్ గార్డుదేనని తీర్పు చెప్పి, గోరుతో దాన్ని పీకేశాను.

"అయ్యో, మొన్ననే ఏపించిన గదనే!"

గార్డు పోయింది, జబ్బు మాత్రం పోలేదు.

"నొక్కి వదులు మామా! అంతే! చిన్నపిల్లలకు కూడా వస్తుంది!"

అనేశాక నాలుక కరుచుకున్నాను. మామ ఫోన్ నా ఒళ్లో పెట్టాడు.

"నువ్వు పెడ్తె ఉంటది, నేను పెడ్తె పోతది. నా యేలుకే ఏదో రోగమున్నట్టుంది. ఇంగ నాతోని కాదు బిడ్డా, నాకు పనున్నది." లేచి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

అత్త జొన్నరొట్టెలు కాలుస్తూ అంతా వింటోంది. "గంత కోపం ఏడికెళ్లి వచ్చిందే నీకు? మీ అమ్మకు గూడ గింత లేకుండె."

 ఇరుకున పడ్డప్పుడు నేను చేసేది ఒకటే, నా ఫోన్ తీయడం. యాప్ మొదటి పేజీకి పనికొస్తుందని మామ నేస్తుంటే వీడియో తీయసాగాను. ఇంతలో ఒక పోగు తెగింది. మగ్గం ఆపి, ఆయన చూపుడువేలు పోగుల మీద ఆనించి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. వేలు ఆగింది, పైకి లేచింది. తెగిన పోగు అక్కడే ఉంది. ముడి వేశాడు.

రొట్టె తింటూ ఆ వీడియో రెండోసారి చూస్తూ, చేతిలో రొట్టె పక్కన పెట్టేశాను. పొద్దున్నుంచీ నేను తెరనే చూశాను, ఒక్కసారి కూడా ఆయన వేలిని చూడలేదు.

"మామా, ఒక్కసారి. నేను నోరెత్తను, ఒట్టు."

"ఎత్తితే?"

"అత్త చేతిలో అట్లకాడ ఉంది కదా."

ఆయన నవ్వాపుకుంటూ ఫోన్ తీసుకున్నాడు. గీతలు నొక్కాడు. మెనూలో మొదటి మాట మీద వేలు ఆనించి, ఒక్కొక్కటీ చదువుకుంటూ కిందికి జరపబోయాడు. వేలు జరిగీ జరగగానే మెనూ మాయం. మాయం చేసింది నేనే. మెనూ మీద వేలు జరిపితే అది మూసుకుపోవాలని, ఎంతో సోకుగా ఉంటుందని, నా చేతులతో నేనే రాసుకున్నాను. వేలు ఆనించి జరపకుండా దేన్నీ ఎంచుకోని మనిషికి దాన్ని తీసుకొచ్చి ఇచ్చాను.

మార్చడానికి గంట పట్టింది. వేలు జరుగుతుంటే దాని కింది మాట పచ్చగా మారుతుంది. ఏ మాట మీద వేలు లేపితే అది తెరుచుకుంటుంది. నాలాగా నొక్కి వదిలేవాళ్లకూ పనిచేస్తుంది.

నాలుగున్నరకు మామ వేలు కొత్త చీర దాటింది, మగ్గం దాటింది, అమ్ముడైనవి దాటింది, నాలుగో మాట దగ్గర ఆగి లేచింది. ఫొటో పేజీ తెరుచుకుంది. ఆయన ఇంకో మూడుసార్లు చేశాడు. నేను గోళ్లు కొరుక్కుంటున్నాను.

"మాట అన్నందుకు తప్పయింది మామా."

"గది సరే గని, రేపు పొద్దుగాల అందర్ని పిలుస్త. గిట్లనే నిమ్మళంగ సూపెట్టు, నా మీద ఒర్రినట్టు ఆళ్ల మీద ఒర్రకు."

"రేపా? నా బస్సు ఐదింటికి కదా!"

"బస్సు ఏడికి పోతది, రేపు గూడ వస్తది. ముందుగాల బజారుకు నడువు, నువ్వు పీకిన ఫోను అద్దం ఎవ్వలు ఏపిస్తరు?"