కోడూరు దాటాక నేను ఆపించిన చప్పుడు

గుడివాడలో విద్యుత్ పరికరాల దుకాణం నడిపే ప్రకాశం ఒకప్పుడు నా విద్యార్థి. కిందటి డిసెంబరులో విద్యుత్ కారు కొని, "మాస్టారూ, మొదటి దూర ప్రయాణం మీతోనేనండి" అన్నాడు. పాలకాయతిప్ప సముద్రతీరాన్ని చూసి చాలా ఏళ్లయిందని పైకి చెప్పాను గాని, శిష్యుడు పిలవడమే నన్ను కదిలించిన అసలు కారణం.

ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. కారు కదలగానే డీజిల్ ఇంజను గురగురలాడింది. విద్యుత్ కారుకు ఇంజనెక్కడిది? తన పాత జీపు చప్పుడును రికార్డు చేసి, ముందు బంపరు వెనక స్పీకరు బిగించి వినిపిస్తున్నాడు. కారు ప్రియుల వాట్సాప్ గ్రూపులో చాలామంది ఇదే పని చేశారట. వాళ్ల మాటలు కూడా పాత బండ్లవే.

"సెల్ఫ్ కొట్టి కాస్త రేసిస్తే చాలండి, సెకండ్ గేర్లో లాగినట్టు లాగుద్ది," అన్నాడు ప్రకాశం.

"గేర్లే లేని బండికి సెకండ్ గేరేమిటోయ్?"

"అలవాటండి. 'వేగాన్ని పెంచితిని' అని రాస్తే మా గ్రూపులోంచి గెంటేస్తారండి."

నేను నవ్వలేదు.

పెడన మీదుగా బందరు చేరేసరికి ఏడు ముప్పావు. ఇడ్లీలు తిని, కారును ఛార్జింగుకు పెట్టి గంటకు పైగా ఆగాం. ఛార్జింగుకు మూడు వందల రూపాయల లోపే అయింది. దివిసీమలో ఛార్జింగు సౌకర్యం మాకు కనబడలేదు కనుక, ఈ దారిన వెళ్లేవారు బందరులోనే నింపుకోవడం మేలు. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డల మీదుగా కోడూరు దాటేసరికి పదకొండయింది. అంతసేపూ ఆ గురగుర నా చెవుల్లోనే ఉంది. ఇక సహించలేకపోయాను.

"అబద్ధాన్ని ఇంత గట్టిగా వినిపిస్తూ ఊరేగాలా? ఆపు."

"పల్లెల్లో ఉంటే మంచిదండి, మాస్టారూ..."

"ఆపమన్నాను." తరగతిలో వాడిన గొంతే వాడాను. ఆపాడు.

కోతల కాలంలో అక్కడ రోడ్డే కళ్లం. సగం మేర ధాన్యం ఆరబోసి, కాళ్లతో తిరగేస్తూ నడుస్తారు. బండి చప్పుడు విని, వెనుదిరిగి చూడకుండానే పక్కకు జరుగుతారు. ఒక పెద్దావిడ మావైపు వీపు పెట్టి ధాన్యం తిరగేస్తోంది. ఆమె తప్పుకుంటుందనే నమ్మకంతో ప్రకాశం వేగం తగ్గించాడు గాని హారను కొట్టలేదు. అతని పాత జీపు చప్పుడుకు అందరూ అలాగే తప్పుకొనేవారు. బంపరు మూరెడు దూరంలో ఉండగా ఆమె వెనుదిరిగి, ఉలిక్కిపడి, రోడ్డు అంచున పడింది. కారు తగలలేదు. కుడిచెయ్యి ఆమె కిందే నలిగింది.

"లారీ వత్తే కోడూరు కాడ్నుంచే తెలుత్తది," అంది మణికట్టు పట్టుకుని. "మీదేం బండి బాబూ, పిల్లిలాగ వచ్చారు?"

ఆమె భర్త పరుగున వచ్చాడు. "దీనికి చప్పుడే ఉండదా?"

"ఉంటది బాబాయ్. నేనే ఆపేశాను. తప్పు నాదే," అన్నాడు ప్రకాశం. నావైపు చూడలేదు.

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

అవనిగడ్డ ఆసుపత్రిలో ఎముక విరిగిందని కట్టు కట్టారు. నెలన్నర చెయ్యి కదపకూడదన్నారు. ఆ ధాన్యం ఎవరెత్తుతారని ఆమె తన భర్తను అడుగుతూనే ఉంది. ప్రకాశం మందులు తెచ్చి, ఇద్దరినీ తిరిగి ఇంటి దగ్గర దింపి, సాయంత్రం వరకు ధాన్యం బస్తాలకెత్తాడు. నేను కారులో కూర్చున్నాను. బయలుదేరబోతుంటే ఆమె అద్దం దగ్గరకు వచ్చింది.

"మీరు పెద్దోరు, పంతులుగారంట గదా. ఆ అబ్బాయికి కాస్త సెప్పండి, జాగర్తగా నడపమని."

"చెబుతానమ్మా," అన్నాను.

పాలకాయతిప్ప చూడకుండానే తిరిగి వచ్చాం. అబద్ధమాడిన పిల్లలను ముప్పయ్యేళ్లకు పైగా బెంచీ ఎక్కించినవాణ్ణి. ఆ చప్పుడు అబద్ధమని తీర్పు చెప్పినవాణ్ణి, నా కోసం శిష్యుడు ఆడిన అబద్ధాన్ని మాత్రం నోరు మెదపకుండా తీసుకున్నాను. ప్రకాశం ఈ రోజు వరకూ ఆ ఊసెత్తలేదు; అతని మర్యాదే నాకు మింగుడుపడటం లేదు. చప్పుడు ఆపించింది నేనేనని ఇక్కడ రాసినంత సులువుగా ఆ ఇంటి గుమ్మంలో నిలబడి చెప్పలేకపోయాను.

వెళ్లేవారికి ఒక్క మాట. కోతల రోజుల్లో కోడూరు దాటాక కారులో ఉన్న చప్పుడేదైనా వినిపిస్తూనే వెళ్లండి. అది లేకపోతే దూరం నుంచే హారను కొట్టండి. పక్క సీటులో కూర్చున్న పెద్దమనిషి ఆపమన్నా ఆపకండి.