ఎనిమిదో నంబరు చొక్కా

హేతువాదిగా బతికిన నేను జీవితంలో ఒకే ఒక్క మూఢనమ్మకాన్ని పుట్టించాను. అది మహబూబాబాద్ నుంచి జనగామ దాకా ఇప్పటికీ ఆరోగ్యంగా తిరుగుతోంది. పక్కవాళ్లు పుట్టించిన నమ్మకాలను చీల్చి చెండాడుతూ ఇన్ని వ్యాసాలు రాశాను గానీ, కన్నబిడ్డ మీద మాత్రం కలం ఆడలేదు. ఇవాళ ఆ పనీ కానిస్తాను. ఆ రోజు గ్రౌండు గ్రౌండంతా నవ్వింది, మీరు మాత్రం ఎందుకు తగ్గాలి?

మాది నెల్లికుదురు. మా నాయిన బడిపంతులు. బాణామతి, చేతబడి ఉత్త బూటకమని ఊరూరా తిరిగి వాదించేవాడు. తోటి పిల్లలు ఎక్కాలు వల్లించే వయసులో నేను ప్రతిపాదన, నిరూపణ, ఖండన వల్లించాను. దానికి తోడు వాలీబాల్ పట్టుకున్నాను. రెండింట్లోనూ నాకు వచ్చింది ఒకటే విద్య: ఎదుటివాళ్లు విసిరిందాన్ని నేల తాకకుండా తిప్పికొట్టడం.

ఇరవై రెండేళ్లకు మహబూబాబాద్ అమ్మాయిల జట్టుకు కెప్టెన్‌నయ్యాను. జనగామలో ఫైనల్. ఎదుటి జట్టు భూపాలపల్లి. ఒక పెద్ద సంస్థ తన జట్టులోకి అమ్మాయిలను ఎంచుకోవడానికి సెలెక్టర్ మేడంను పంపుతోందని కబురొచ్చింది. ఆమె కంట్లో పడితే ఆటే ఉద్యోగం. పడకపోతే బీఎడ్. బీఎడ్ అంటే నాకు ద్వేషం లేదు. కానీ ఇరవై రెండేళ్ల కాళ్లకు బంతి తెలుసు, బెంచీ తెలియదు.

ఫైనల్ రోజు పొద్దున మా మేనేజర్ కొమురన్న కొత్త చొక్కాల మూట విప్పాడు. నాలుగేళ్లుగా నాది ఐదో నంబరు. అదే నాకొచ్చింది. ఎనిమిదో నంబరు స్వరూపకు పడింది. స్వరూప డోర్నకల్‌లో రైల్వే గ్యాంగ్‌మన్ కూతురు. జట్టులో అందరికంటే చిన్నది, ఎప్పుడూ రిజర్వులోనే ఉండేది. చొక్కా చూడగానే పాముపిల్లను పట్టుకున్నట్టు వదిలేసింది.

"అక్కా, గీ ఎనిమిది నాకొద్దు. శని నంబరట. నిరుడు గిదే తొడిగితే లతక్క కాలు ఇరిగింది."

"లత గోడ దూకింది. కాలు అందుకు ఇరిగింది. ఎనిమిదేం దూకలే."

కొమురన్న అడ్డం వచ్చాడు. "గట్ల తీసిపారెయ్యకు చెల్లే. నా బండి నంబరు కూడితే ఎనిమిది. ఎన్నిసార్లు ఆగిందో ఎరికేనా?"

"పెట్రోలు పోస్తే నడుస్తది కద అన్నా?"

"పోస్తే నడుస్తది. పొయ్యకపోతే నడువది. గదే శని!"

ఇలాంటి తర్కం ముందు మా నాయిన అయితే నీళ్లు తాగి కూర్చునేవాడు. నేను ఉపన్యాసం అందుకున్నాను. అంకె మనిషి లెక్క కోసం గీసుకున్న గీత అన్నాను. గ్రహాలకు మన చొక్కాలు చూసే తీరిక లేదన్నాను. చివరికి నా ఐదో నంబరు చొక్కా తీసి స్వరూప భుజాన వేశాను.

"ఇగో, నా ఐదు నువ్వు తొడుక్కో. నీ శనిని నాకియ్యి."

జట్టంతా చప్పట్లు కొట్టింది. స్కోరు రాసేవాళ్ల దగ్గర మా ఇద్దరి నంబర్లూ మార్పించాం. సంఘ సంస్కరణ ఇంత సులువా అని ఆశ్చర్యపోయాను కూడా.

ఆట తెలియనివాళ్లకు ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. ప్రతి సెట్టుకూ ముందు, కోర్టులో ఎవరు ఏ చోట నిలబడతారో చొక్కా నంబర్లతో ఒక చీటీ రాసి రిఫరీకివ్వాలి. ఇచ్చాక ఆ చీటీయే చట్టం. మా కోచ్ రహీం సార్ చదువుకునే కళ్లద్దాలు ఎప్పుడూ ఇంట్లోనే ఉండేవి. అందుకని చీటీ నేను రాసేదాన్ని, ఆయన కింద సంతకం గీకేవారు.

నాలుగు సెట్లలో చెరో రెండు గెలిచాం. ఆ నాలుగు చీటీల్లోనూ బుద్ధిగా ఎనిమిది అనే రాశాను. కానీ ఆట సాగినంతసేపూ గీత అవతల కొమురన్న నోరు సాగుతూనే ఉంది. నేను కొట్టిన బంతి నెట్టుకు తగిలితే "ఎనిమిది!" నా జడ రిబ్బను ఊడితే "ఎనిమిది!" భూపాలపల్లి పిల్ల తుమ్మినా అది నా ఖాతాలోకే.

ఐదో సెట్టు ముందు చీటీ, కలం పట్టుకుని కూర్చున్నాను. సెలెక్టర్ మేడం కుర్చీ ముందుకు జరుపుకుంది. సర్వీసు మాదే, సర్వీసు కొట్టే మొదటి చోటు నాదే. సరిగ్గా అప్పుడే కొమురన్న వంగి చెవిలో ఊదాడు.

"చెల్లే, ఇప్పటికైనా గా చొక్కా మార్చుకో."

"అన్నా, అంకెకు మంచీ చెడూ ఉండయి! ఐదైనా, ఎనిమిదైనా నాకు ఒక్కటే!" అని గర్జిస్తూ రాసేశాను. రహీం సార్ సంతకం గీకేశారు. చీటీ వెళ్లిపోయింది.

దర్జాగా మొదటి చోట నిలబడ్డాను. రిఫరీ చీటీ చూశాడు. నా చొక్కా చూశాడు. మళ్లీ చీటీ చూశాడు.

"గీడ ఐదుండాలె. నువ్వు ఎనిమిది. ఐదెవరు?"

బెంచీ మీద నీళ్ల సీసా పట్టుకున్న స్వరూప, తరగతిలో పేరు పిలిస్తే లేచినట్టు చెయ్యెత్తింది. "నేనే సార్." గ్రౌండంతా గొల్లుమంది.

నాలుగేళ్ల అలవాటు నా చేత ఐదు రాయించింది! నాకు రెండూ ఒక్కటేనని నోరు అరుస్తుంటే, చెయ్యి నమ్మేసింది. శకునాలు చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. శకునాలు లేవని చెప్పే బల్లికి కూడా అదే కుడితి అని ఆ రోజు తెలిసింది.

"చీటీల ఉన్న మనిషే నిలబడాలె. కావాలంటే తర్వాత మార్పు అడుక్కోండి" అన్నాడు రిఫరీ.

నేను రహీం సార్ వైపు ఆశగా చూశాను. "సార్, మార్పు అడుగుండ్రి!"

"అడుగుత బేటీ. ముందుగాల నీ నోటికి జర రెస్టు. కూసో."

కూర్చున్నాను. స్వరూప బంతి ఎగరేసి కొట్టింది. అది కల్లు తాగినవాడిలా గాలిలో అటు తూలి, ఇటు తూలి, ఇద్దరు భూపాలపల్లి పిల్లల మధ్య పడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. వరసగా ఆరు పాయింట్లు!

"సార్, మార్పు..."

"పిచ్చిదానవా?" అన్నారు రహీం సార్.

గెలిచాం. అందరూ స్వరూపను ఎత్తుకున్నారు. సెలెక్టర్ మేడం మైకులో "ఐదో నంబరు అమ్మాయి ఇటు రావాలి" అంది. నేనూ లేచి నడిచాను. అలవాటు మరి! మేడం ముందు ఇద్దరం నిలబడ్డాం.

"నిన్ను కాదమ్మా" అంది ఆమె, నా చొక్కా చూస్తూ. "నువ్వు బాగానే ఆడావు. వచ్చే ఏడు రా. వచ్చేటప్పుడు నీ నంబరు నువ్వు గుర్తు పెట్టుకుని రా."

వెళ్లాను. ఆ సంస్థ జట్టులోనే తొమ్మిదేళ్లు ఆడాను, మొండిగా ఎనిమిదో నంబరుతోనే. స్వరూప నాకంటే చాలా పైకి పోయింది. దేశం కోసం ఆడింది, విదేశాల్లో ఆడింది. ఇప్పటికీ ఆడుతోంది, ఇప్పటికీ ఐదే. మొన్న ఎవరో ఇంటర్వ్యూలో అడిగితే, "గిది మా అక్క ఇచ్చిన నంబరు. గందుకే కలిసొచ్చింది" అంది. డోర్నకల్‌లో వాళ్లమ్మ గుమ్మం మీద పసుపుతో ఐదు రాసుకుందట. వెంటనే ఫోన్ చేశాను.

"స్వరూపా, నువ్వు గెలిచింది నంబరుతోని కాదే, నీ చేతితోని!"

"ఎరికే అక్కా. కానీ చేతికి కూడా ఐదే వేళ్లు కద!"

ఇక కొమురన్న సంగతి. ఆ రోజు నుంచి ఆయన ఆర్డరిచ్చే చొక్కాల్లో ఏడు తర్వాత తొమ్మిదే. ఎవరైనా ఎందుకని అడిగితే వాదించడు, నా ఫోన్ నంబరు ఇస్తాడు.

కాబట్టి హేతువు సాక్షిగా, పాఠకుల ఎదుట ప్రతిజ్ఞ చేస్తున్నాను: వాదించేటప్పుడు కలం పట్టను, కలం పట్టినప్పుడు వాదించను. మరి ఇన్ని వ్యాసాలు ఎలా రాశావంటారా? రాసేటప్పుడు గది తలుపులు మూసుకుంటాను. ముందుగా కొమురన్న లోపల లేడని చూసుకుని.