ఆవ్రిల్ అల్లిన స్వెటర్

ఆవ్రిల్ థీకర్ మా మ్యూజియంలో పదిహేడేళ్ళు కాపలా కుర్చీలో కూర్చుంది. ఇంగ్లండు తూర్పు తీరాన విట్బీ రేవులో, ఒకప్పుడు వలలు దాచుకునే గోదాములో ఉంది ఆ మ్యూజియం. కింద టికెట్ల బల్ల దగ్గర నేను, పైన జాలరుల గదిలో ఆమె. కొండమీది పాడుబడ్డ మఠం చూసి, నూట తొంభై తొమ్మిది మెట్లూ దిగి, కాళ్ళు పీకుతున్నాయంటూ వచ్చే యాత్రికులు ఆ గదిలో ఒక అద్దాల పెట్టె ముందు ఎక్కువసేపు నిలబడేవారు. అందులో ఉన్నది ముదురు నీలం ఊలు స్వెటర్. చలిగాలి చొరబడకుండా బిగించి అల్లే రకం, మా జాలరులు వేసుకునేది. పక్కన చీటీ: “కీత్ లెడ్లీ, వయసు ఇరవై అయిదు. 1971 నవంబరులో సముద్రంలో గల్లంతయ్యాడు. ఈ స్వెటర్ అల్లినది అతని తల్లి డోరా లెడ్లీ.”

అల్లింది డోరా కాదు, ఆవ్రిల్.

ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఫిలిప్పా అని కొత్తగా వచ్చిన అధికారి ఒకసారి ఆ స్వెటర్‌ను శుభ్రం చేయించబోయి, చంక కింద ముక్కలో ఎ, టి అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు అల్లి ఉండడం చూసింది. మమ్మల్నిద్దరినీ పిలిచి అడిగింది.

“నాకేం తెలుసు? ఊలు కొట్టువాళ్ళ గుర్తేమో,” అంది ఆవ్రిల్.

టీ గదిలోకి వెళ్ళాక తలుపు వేసి నిలదీశాను. “ఆవ్రిల్ థీకర్! ఊలు కొట్టువాళ్ళు చంకలో గుర్తు వేస్తారటే? ఎవరికి చెప్తున్నావు కథలు?”

ఆమె కప్పులో పాలు పోసుకుని, కలపడం మరిచిపోయి, అప్పుడు చెప్పింది.

ఇరవై రెండేళ్ళ వయసులో ఆమె చేపలకు పొగపట్టే షెడ్డులో పనిచేసేది. కీత్‌తో పెళ్ళి కుదిరింది, ఉంగరం తొడిగాడు. ఆమె తండ్రి సముద్రంలోనే పోయాడు కాబట్టి, పడవ మానేసి పొటాష్ గనిలో చేరాలన్నది ఆమె పెట్టిన ఒకే ఒక షరతు. కీత్ సరేనన్నాడు. తీరా అక్టోబరులో ఒక మధ్యాహ్నం షెడ్డు వెనక్కి వచ్చి, “గని పని వద్దని చెప్పేశాను ఆవ్రిల్. మట్టి కింద నాకు ఊపిరాడదే,” అన్నాడు.

“నీళ్ళ కిందైతే ఆడుతుందా?” అంది ఆవ్రిల్. ఉంగరం తీసి అతని జేబులో పడేసింది.

అప్పటికి ఆమె అతనికి అల్లి ఇచ్చిన స్వెటర్ ఎడమ చేతి అంచు చిరిగి దారాలు వేలాడుతున్నాయి. అంచు విప్పి మళ్ళీ అల్లి ఇస్తానని ఆమె అంతకు ముందే అంది. కీత్ దాన్ని తల్లి దగ్గర పెట్టి, “ఆవ్రిల్ వస్తుంది, ఇవ్వు,” అని చెప్పాడు. కబురూ పంపాడు. ఆవ్రిల్ పట్టుదలతో వెళ్ళలేదు. వాళ్ళ ఇల్లు వంతెనకు అవతల, నాలుగు నిమిషాల నడక. మూడు వారాలు వెళ్ళలేదు. నాలుగో వారంలో రేవు ముఖద్వారం దగ్గరే కీత్ వెళ్ళిన పడవ బోల్తా పడింది. ముగ్గురిలో ఇద్దరి శవాలు దొరికాయి. కీత్ దొరకలేదు.

పోయినవాళ్ళ కోసం ప్రార్థన జరిగిన రోజున చర్చిలో అందరి ముందూ డోరా ఆమె చెయ్యి విదిల్చేసింది. “వాడి మనసు విరిచి పంపింది నువ్వే. ఇంకెప్పుడూ నా గడప తొక్కకు.”

ఆవ్రిల్ తొక్కలేదు. పెళ్ళీ చేసుకోలేదు. ఇరవై మూడేళ్ళ తరవాత డోరా ఆ స్వెటర్‌ను మ్యూజియానికి ఇచ్చింది. ఆవ్రిల్ ఒక ఆదివారం ఊరికే చూడడానికి వచ్చి, చీటీ చదివి, మరుసటి ఏడు ఇక్కడ ఉద్యోగానికి అర్జీ పెట్టుకుంది.

“మరి చెప్పవేం? ఒక్క మాటతో పోయేదానికి!”

“ఆవిడ బతికున్నంత కాలం ఆ మాట ఎత్తకు మార్జరీ. కొడుకు పోయినావిడ దగ్గర చీటీ కూడా లాక్కోమంటావా?”

నేను ఎత్తలేదు.

2012 సెప్టెంబరులో డోరా వచ్చింది. తొంభై రెండేళ్ళు, చక్రాల కుర్చీ, చూపు దాదాపు పోయింది. వెంట మేనకోడలు థెల్మా. స్వెటర్‌ను ఒక్కసారి ముట్టుకుంటానని ముసలావిడ బతిమాలితే ఫిలిప్పా పెట్టె తెరిచి ఒళ్ళో పెట్టింది. థెల్మా, ఫిలిప్పా పక్క గదిలోకి వెళ్ళారు. కుర్చీ తోసుకొచ్చిన నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆవ్రిల్ గోడకు ఆనుకుని ఉంది.

డోరా వేళ్ళు స్వెటర్ మీద మెల్లగా కదిలి చిరిగిన అంచు దగ్గర ఆగాయి. “ఎవరక్కడ?”

“గది చూసుకునేదాన్ని, లెడ్లీగారూ.”

“నీకు అల్లిక వచ్చా అమ్మాయ్?”

“ఏదో కాస్త.”

“నాకు బొత్తిగా రాదు. మేజోడు కూడా అల్లలేదు ఎప్పుడూ. వీళ్ళకి చెప్పకేం.” ముసలావిడ నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. “ఇది మావాడు చేసుకోబోయిన పిల్ల అల్లింది. ఇది ఇక్కడ ఇచ్చిన రోజు దాని పేరే రాయించాలని వచ్చాను. అల్లిందెవరని అడిగేసరికి నా నోటివెంట నా పేరే వచ్చింది. పేరు చెప్తే, ఆ పిల్లని నేనన్న మాటలు కూడా చెప్పాలనిపించింది.”

చిరిగిన అంచును వేళ్ళతో సవరించింది డోరా.

“వాడు పోయింది దానివల్ల కాదమ్మాయ్. ఆ పొద్దున గాలి తిరుగుతోందని నేను చూశాను. చూసి కూడా, బయల్దేరరా, పడవవాళ్ళు నీ కోసం కాచుకున్నారు అన్నాను. నేనే అన్నాను.” తల ఎత్తి అడిగింది, “ఆ పిల్ల బతికే ఉందా? నీకేమైనా తెలుసా?”

ఆవ్రిల్ గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. “కనుక్కుంటానండీ,” అంది.

థెల్మా వచ్చి కుర్చీ తిప్పుకుని వెళ్ళిపోయింది.

“నేనే అని చెప్పొచ్చు కదే!” అన్నాను.

“ఇక్కడ నిలబడి చెప్పే మాట కాదది. గురువారం నాకు సెలవు. ఇంటికే వెళ్తాను. నిదానంగా కూర్చుని చెప్తాను. చర్చిలో ఆవిడ నన్నన్నదంతా నలభై ఏళ్ళుగా నన్ను నేనే అనుకుంటున్నదేనని చెప్పాలి.” ఆ రెండు రోజులూ ఆమె ముఖంలో నేనెన్నడూ ఎరగని తొందర చూశాను. బుధవారం సాయంత్రం జుట్టు కత్తిరించుకుని వచ్చి, బాగుందా అని అడిగింది.

గురువారం పొద్దున్నే పొగపట్టిన హెర్రింగ్ చేపలు ఒక జత కాగితంలో చుట్టించుకుని వంతెన దాటింది. తలుపు తీసిన థెల్మా కళ్ళు వాచి ఉన్నాయి. డోరా అంతకు ముందు రోజు తెల్లవారుజామున నిద్రలోనే పోయింది.

“మీరెవరు?” అంది థెల్మా.

“మ్యూజియంలో పనిచేస్తాను.”

“ఓ, మీరా! వచ్చిన దగ్గర్నుంచీ అత్తయ్య ఒకటే మాట. మ్యూజియం అమ్మాయి ఏమైనా చెప్పిందా, ఆ పిల్ల దొరికిందా అని. ఏ పిల్లో మాకు బోధపడలేదు. మీకేమైనా తెలుసాండీ?”

“తెలీదమ్మా,” అంది ఆవ్రిల్. చేపల పొట్లం థెల్మా చేతిలో పెట్టి వచ్చేసింది. నా బల్ల దగ్గర నిలబడి ఇదంతా చెప్పి, చివర, “గుమ్మం దాకా వెళ్ళాను మార్జరీ,” అంది. అంతే. ఏడవను కూడా లేదు. నేనే ఏడ్చాను.

అంత్యక్రియలకు ఇద్దరం వెళ్ళి వెనక బల్లమీద కూర్చున్నాం. పాదిరీగారు డోరా గుణగణాలు చెబుతూ, కొడుక్కి తన చేతులతో అల్లిన స్వెటర్‌ను యాత్రికులంతా చూసి మెచ్చుకుంటున్నారన్నారు. నేను ఆవ్రిల్ వైపు చూశాను. ఆమె తల దించుకుని పాటల పుస్తకంలో పేజీ వెతుకుతోంది.

ఆ తరవాత చీటీ మార్పిద్దామని నేను పోరాను. “ఎవరు చూడాలని?” అంది. సోమవారం నుంచి ఆ గదిలో కూర్చోలేనంది, మేము చోట్లు మార్చుకున్నాం. వేసవి దాకా కింద బల్ల దగ్గర పనిచేసింది. జాలరుల గది ఎటు అని ఎవరైనా అడిగితే చెయ్యి చూపించేది, మెట్ల దాకా ఎప్పుడూ రాలేదు. సముద్రం కనపడని పికరింగ్‌లో చెల్లెలి ఇల్లుంది. ఆగస్టులో సామాను సర్దుకుని అక్కడికి వెళ్ళిపోయింది. క్రిస్మస్‌కు కార్డు వస్తుంది. తోటలో చిక్కుడు కాసిందనీ, చెల్లెలి మోకాలి నొప్పి తగ్గలేదనీ రాస్తుంది. విట్బీ గురించి ఏమీ అడగదు.